పందిరేవు పట్నం, ఉక్కు గుండ్లు

ఊరి పేరుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ ఊరివాళ్ళు కూడా కొత్తవాళ్ళతో మాట అక్కడి నుంచే మొదలుపెడతారు. జర్మన్ భాషలో ష్వైన్ అంటే పంది, ఫుర్ట్ అంటే కాలినడకన నది దాటగలిగే రేవు. రెండూ కలిపితే ష్వైన్‌ఫుర్ట్, అనగా పందిరేవు. ఆ మొదటి ముక్కకు పందితో సంబంధమే లేదనీ, నీరు పలచబడే బురద తావును సూచించే ప్రాచీన పదమేదో కాలక్రమాన పందిగా మారిందనీ వాదించే పండితులున్నారు. కాని ఊరి జనం ఆ వాదాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. ఆ ఊరి కవే ఒకాయన, ఇంతకంటే మంచి పేరు దొరకలేదా నీకని పుట్టిన ఊరిని పద్యంలో వేళాకోళం చేశాడు. ఆయన సంగతి కొంచెం తరువాత చెప్తాను.

ఉత్తర బవేరియాలో, ఫ్రాంకోనియా అనే ప్రాంతంలో, మైన్ నది ఒడ్డున ఉంది ఈ ఊరు. దీని ప్రస్తావన మొదటిసారి క్రీ.శ. 791లో కనిపిస్తుంది. ఇప్పటి జనాభా 50 వేలకు కాస్త ఎక్కువ. విచిత్రమేమిటంటే ఊళ్ళో ఉన్న ఉద్యోగాల సంఖ్య కూడా దాదాపు అంతే ఉంటుంది. పసిపిల్లలను, ముసలివాళ్ళను తీసివేస్తే మిగిలేది సగమే కదా, మరి ఆ ఉద్యోగాలు చేసేదెవరు? పొద్దున్నే చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వస్తారు, సాయంత్రానికి వెళ్ళిపోతారు. మన వైపు చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళలో సీజన్‌లో కనిపించే సందడి అక్కడ ఏడాది పొడుగునా ఉంటుంది.

నేను ఆ ఊళ్ళో 2011 శరత్కాలం నుంచి సుమారు ఒక సంవత్సరం ఉన్నాను, కొలత యంత్రాల సాఫ్ట్‌వేర్ పని మీద. వెళ్ళేముందు నాకా ఊరి గురించి తెలిసింది ఒక్కటే: అది బాల్ బేరింగుల ఊరు. బేరింగులంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒక మోజు. మా వీధి చివర సైకిల్ షాపులో హబ్ విప్పి, నల్లటి గ్రీజులో కూరుకున్న బాల్సు తీసి, కిరసనాయిలు గిన్నెలో వేసి కడిగేవారు. కడిగాక అవి ముత్యాల్లా తేలేవి. అరిగిపోయినవి పిల్లలకిచ్చేవారు, గోళీలాడుకొమ్మని. ఒక్క బాల్ తగ్గితే చక్రమే ‘కటకట’మంటుందని ఆ మేస్త్రీ చెప్పిన మాట నాకు ఇంజనీరింగ్‌లో చదివిన పాఠాలకంటే బాగా గుర్తుంది.

రైలు దిగగానే ఒకవైపు ఫ్యాక్టరీల గోడలు. స్టేషను ఉన్నది ఊరి నడుమ కాదు, పడమట ఒబర్న్‌డోర్ఫ్ వైపు, కార్ఖానాల పక్కన. కూగెల్‌ఫిషర్ (ఎఫ్.ఏ.జి. అని మన మెకానిక్కులకు తెలిసినది), ఎస్.కె.ఎఫ్., జాక్స్ - ఈ మూడు పేర్లే ఆ ఊరి మూడు స్తంభాలు. అక్కడి నుంచి ఊరి నడిబొడ్డుకు వెళితే 1572లో పూర్తయిన పురమందిరం, దాని ముందు అంగడి చౌకు, చౌకు నడుమ కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషి కంచు విగ్రహం.

నేను ఏ పెట్టుబడిదారుడో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే కవి! ఫ్రీడ్రిష్ ర్యూకర్ట్, 1788లో ఆ చౌకులోనే పుట్టినవాడు. విగ్రహం 1890 నాటిది. పీఠం వద్ద ఆయన కృతులకు రూపమిచ్చిన మూర్తులున్నాయి. వాటిలో ఒకటి ‘బ్రాహ్మణుని వివేకం’ అనే ఆయన ఉద్గ్రంథానికి ప్రతిరూపం. ఉక్కు గుండ్ల ఊరి నడుమ, పంది మాంసం అంగళ్ళ మధ్య, భారతీయ జ్ఞానానికొక కంచు మూర్తి! నిలువునా నిలబడిపోయాను.

ర్యూకర్ట్ ఎర్లాంగెన్‌లోనూ, తరువాత బెర్లిన్‌లోనూ ప్రాచ్యభాషల ఆచార్యుడు. నలోపాఖ్యానాన్ని 1828లో జర్మన్ పద్యాల్లోకి తెచ్చాడు. జయదేవుని గీతగోవిందాన్ని అంత్యప్రాసలు చెడకుండా అనువదించిన ఘనుడు. ఖురాన్ భాగాలు, పారశీక గజళ్ళు సరేసరి. ఆయన చేయి పెట్టిన భాషలు 44 అని లెక్క కట్టారు. ఆ పట్టికలో సంస్కృతం, పాళీ, ప్రాకృతం, హిందుస్తానీతో పాటు తమిళం, మలయాళం, తెలుగు కూడా ఉన్నాయి. మన దేశానికి ఆయన ఎన్నడూ రాలేదు. 1833-34 శీతకాలంలో ఇద్దరు పిల్లలు జ్వరంతో పోతే ఆ దుఃఖంలో 400 పైచిలుకు కవితలు రాసుకున్నాడు. బతికుండగా అచ్చు వేయలేదు. వాటిలో అయిదింటిని తరువాత గుస్టావ్ మాలర్ స్వరపరచాడు. పాశ్చాత్య సంగీతం వినేవారికి ర్యూకర్ట్ పేరు అలా తెలుసు.

కవిని నడుమ కూర్చోబెట్టుకున్నంత మాత్రాన అది కవుల ఊరని పొరబడకూడదు. ఈ ఊరి అసలు స్వభావం ఇంకో శతాబ్దం వెనక్కి వెళితే తెలుస్తుంది. ముప్పై ఏళ్ళ యుద్ధం 1648లో ముగిసింది. జర్మన్ దేశాలు శ్మశానాల్లా ఉన్న రోజులు. నాలుగేళ్ళయినా తిరగకముందే, 1652 జనవరి 1న ఈ ఊళ్ళో నలుగురు వైద్యులు కూడారు. వారి పెద్ద యోహాన్ లోరెంజ్ బౌష్. ప్రకృతిని పరిశోధించడానికి ఒక పరిషత్తు పెట్టాలని తీర్మానించుకున్నారు. లండన్ రాయల్ సొసైటీ అప్పటికింకా పుట్టలేదు. ఒక్కొక్క సభ్యుడు ఒక్కొక్క పదార్థాన్ని తీసుకుని - రాయి గానీ, మొక్క గానీ, జంతువు గానీ - దాని గుణాలన్నీ విచారించి గ్రంథం రాయాలన్నది నియమం. ‘ఎన్నడూ ఊరకుండరాదు’ అనే అర్థమిచ్చే లాటిన్ మాట వారి ధ్యేయవాక్యం. ఆ పరిషత్తే లియోపోల్డినా. కాలక్రమాన ఊళ్ళు మారి 1878 నుంచి హాలె నగరంలో స్థిరపడింది, 2008లో జర్మనీ జాతీయ అకాడెమీ అయింది. కాని పుట్టుక ఈ పందిరేవులోనే.

ఆ ధ్యేయవాక్యం ఊరు వదలలేదు. ఊరకుండకపోవడమే ఈ ఊరి గుణం, దోషం కూడా.

దోషమని ఎందుకన్నానంటే, ఈ ఊరికి మొదటి పారిశ్రామిక కీర్తి తెచ్చినది ఒక విషం. 1814లో విల్‌హెల్మ్ జాట్లర్ అనే వర్తకుడు, ఫ్రీడ్రిష్ రూస్ అనే సహచరునితో కలిసి, రాగికి, ఆర్సెనిక్‌కు, వెనిగర్‌లోని ఆమ్లానికి పొత్తు కుదిర్చి ఒక పచ్చ రంగు తయారుచేశాడు. అంతకు ముందున్న పచ్చలు వెలవెలబోయాయి. ‘ష్వైన్‌ఫుర్ట్ పచ్చ’ అని దానికి పేరు. పారిస్ పచ్చ, వియన్నా పచ్చ, మరకత పచ్చ ఇలా ఎన్నో మారుపేర్లు. గోడలకు అంటించే కాగితాలు, దుస్తులు, పరదాలు, బొమ్మలు, కాగితపు పూలు - పందొమ్మిదో శతాబ్దపు యూరప్ ఆ రంగులో మునిగితేలింది. వాన్ గో చిత్రాల్లో కూడా ఆ పచ్చ ఉంది. రంగు అమ్మిన సొమ్ముతో జాట్లర్ 1822లో పక్కనే ఉన్న మైన్‌బెర్గ్ కోట కొని, దానిలో గోడకాగితాల ఫ్యాక్టరీ పెట్టాడు.

తడి గోడల గదుల్లో ఆ కాగితం నుంచి ఒక వాసన వస్తోందనీ, ఆ గదుల్లో పడుకున్నవారు జబ్బుపడుతున్నారనీ రసాయనశాస్త్రజ్ఞుడు లియోపోల్డ్ గ్మెలిన్ 1839లోనే హెచ్చరించాడు. వినేవారెవరు? 1861లో లండన్‌లో మెటిల్డా షూరర్ అనే పందొమ్మిదేళ్ళ పిల్ల, కాగితపు ఆకులకు ఈ రంగు పొడి అద్దే కూలిపిల్ల, కళ్ళ తెల్లగుడ్డు కూడా పచ్చబడి చనిపోయింది. ఆ తరువాత గాని గొడవ ముదరలేదు. పచ్చదనంలో మరీ కళ్ళు చెదిరే రకాన్ని జర్మన్లు ఇప్పటికీ ‘విషపు పచ్చ’ అనే అంటారు. గోడల మీద నుంచి దిగిపోయాక అదే పొడి పురుగుమందుగా అవతారమెత్తింది. డి.డి.టి. రాకముందు మన దేశంలో కూడా మలేరియా దోమల పిల్లపురుగులను చంపడానికి నీటి గుంటలపై చల్లినది ఈ పొడినే. ఒకప్పుడు ఒక్కొక్క పదార్థం గుణాలన్నీ విచారించాలని నలుగురు వైద్యులు ఒట్టు పెట్టుకున్న ఊళ్ళోనే ఈ పదార్థం గుణం ఎవరూ విచారించలేదు, సొమ్ము వస్తున్నంత కాలం.

ఇక గుండ్ల కథ.

ఫిలిప్ మోరిట్స్ ఫిషర్ అని వాద్యాలు చేసే పనివాడొకడు ఈ ఊళ్ళో ఉండేవాడు. కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోయే రెండు చక్రాల బండికి ముందు చక్రానికి తొక్కుడు పెడళ్ళు తగిలించాడు, 1853లో. సైకిల్ పుట్టినది మా ఊళ్ళోనేనని ఆ ఊరివాళ్ళు, కాదు పారిస్‌లోనని ఫ్రెంచివారు ఈనాటికీ వాదులాడుకుంటారు. నాకు ఆ తగవు తీర్చే అర్హత లేదు. ఆయన కొడుకు ఫ్రీడ్రిష్ ఫిషర్ విషయంలో మాత్రం తగవు లేదు. ఇతడు 1872లో కుట్టుమిషన్లు, సైకిళ్ళు బాగుచేసే దుకాణం పెట్టాడు. 1883లో ఉక్కు గుండ్లను సానపట్టే యంత్రం కనిపెట్టాడు.

ఇందులో గొప్పేముందని అనిపించవచ్చు. నాకూ ఆ యంత్రాన్ని అర్థం చేసుకునేవరకు అనిపించింది. గుండును గుండ్రంగా చేయడం ఎంత కష్టమో ఆలోచించండి. కమ్మీని గుండ్రంగా చేయాలంటే తరిమెన పట్టవచ్చు, దానికొక ఇరుసు ఉంది కనుక. గుండుకు ఇరుసు లేదు. ఎక్కడ పట్టుకుంటే అక్కడ మచ్చ పడుతుంది. పైగా ఒక్క గుండు గుండ్రంగా ఉంటే చాలదు, వేల గుండ్లు ఒకే పరిమాణంలో ఉండాలి. బేరింగులో పది గుండ్లుండి ఒకటి వెంట్రుకవాసి పెద్దదైతే బరువంతా దాని మీదే పడుతుంది, ముందు అది పగులుతుంది, తరువాత అన్నీ పోతాయి. మా సైకిల్ మేస్త్రీ చెప్పిన కటకట శాస్త్రం ఇదే.

ఫిషర్ యుక్తి ఏమిటంటే, గుండును పట్టుకోకుండా వదిలివేయడం. కొన్ని వందల గుండ్లను తిరిగే సానరాయికి, దానికి ఎదురుగా ఉన్న పలకకు నడుమ పోసి దొర్లనిచ్చాడు. దొర్లే గుండు క్షణక్షణం తన ఇరుసు తానే మార్చుకుంటుంది కనుక అన్ని వైపులా సమంగా అరుగుతుంది. అన్నింటికంటే పెద్దగా ఉన్న గుండు మీద ఒత్తిడి ఎక్కువ కనుక అది ముందు అరుగుతుంది. తోటివాటితో సమానమయ్యాక ఒత్తిడి అందరికీ పంచుకుపోతుంది. అంటే ప్రతి గుండును కొలిచి సరిచేసే పని మనిషికి లేదు, గుండ్లే ఒకదానినొకటి సరిచేసుకుంటాయి. ఇంత సులువైన ఆలోచన తట్టడానికి ఎంత తల పగలగొట్టుకున్నాడో! ఈనాటికీ ప్రపంచంలో గుండ్లు తయారయ్యే పద్ధతికి మూలసూత్రం అదే.

జనం అతనికి ‘కూగెల్‌ఫిషర్’ అని పేరు పెట్టారు, గుండ్ల ఫిషర్ అని. ఆ భాషలో కూగెల్‌ఫిష్ అంటే బుంగలా ఉబ్బే ఒక చేప కూడానట; అందులో వెటకారం ఏమైనా ఉందేమో మరి. అతడు 1899లో యాభై ఏళ్ళకే పోయాడు, 1909లో కంపెనీ గియోర్గ్ షేఫర్ చేతికి వచ్చింది. అంతకు ముందే, 1895లో, ఎర్నెస్ట్ జాక్స్ అనే పందేల సైకిలిస్టు, కార్ల్ ఫిఖ్టెల్ అనే వర్తకుడు కలిసి ఇంకో కంపెనీ పెట్టారు. 1903లో వాళ్ళు తెచ్చిన ‘టోర్పీడో’ హబ్ ఆ దేశపు సైకిళ్ళ గతిని మార్చింది: ముందుకు తొక్కితే కదలడం, తొక్కడం ఆపితే ఊరికే దొర్లడం, వెనక్కి తొక్కితే బ్రేకు. దాని మహత్యం నాకు అనుభవపూర్వకంగా తెలుసు. అద్దెకు తెచ్చుకున్న సైకిల్ మీద మొదటిరోజు, మన అలవాటు కొద్దీ పెడలు సరిచేసుకుందామని వెనక్కి తిప్పాను. నది గట్టు మీద ఇద్దరు వృద్ధ దంపతుల కాళ్ళ ముందు సాష్టాంగపడ్డాను.

గుండ్లు ఎప్పుడూ కనిపించవు. అది వాటి ధర్మం. చక్రం కనిపిస్తుంది, మోటారు వినిపిస్తుంది, లోపల దొర్లే గుండు సంగతి అది ఆగిపోయేవరకు ఎవరికీ పట్టదు. రెండో ప్రపంచయుద్ధంలో కొందరికి పట్టింది. విమానం, ట్యాంకు, ట్రక్కు, ఫిరంగి, జలాంతర్గామి - బేరింగు లేనిది ఏదీ లేదు. జర్మనీ బేరింగుల్లో సుమారు సగం ఈ ఒక్క ఊరి నుంచే వస్తున్నాయి. రావణుడి పొట్టలో అమృతభాండం ఉన్నదని విభీషణుడు చెప్పినట్టు, అమెరికా యుద్ధవిశ్లేషకులు ఈ ఊరి పేరు చెప్పారు: ఇక్కడ కొడితే చాలు, జర్మన్ యుద్ధయంత్రమంతా ఆగిపోతుంది.

మొదటి దాడి 1943 ఆగస్టు 17న. రేగెన్స్‌బుర్గ్‌లోని విమానాల ఫ్యాక్టరీ మీదా, ఈ ఊరి మీదా ఒకేసారి పోవాలని పథకం. శత్రు యుద్ధవిమానాలు రెండు పాయలుగా చీలిపోతాయని ఆశ. ఇంగ్లండ్‌లో మంచు దిగడంతో రెండో దండు కొన్ని గంటలు ఆలస్యమైంది. ఆ వ్యవధిలో జర్మన్ విమానాలు దిగి, పెట్రోలు నింపుకుని, తూటాలు ఎక్కించుకుని సిద్ధంగా కూర్చున్నాయి. ఆ రోజు బయలుదేరిన 376 బాంబరు విమానాల్లో 60 కూలిపోయాయి. రెండో దాడి అక్టోబరు 14, గురువారం. 291 బయలుదేరితే మళ్ళీ 60 కూలాయి. తిరిగి చేరినవాటిలోనూ పనికిరాకుండా పోయినవి ఎన్నో. ఒక్కొక్క విమానంలో పదిమంది కుర్రవాళ్ళు. కాపలాగా వచ్చిన చిన్న విమానాలకు పెట్రోలు చాలక జర్మనీ సరిహద్దుల దగ్గరే వెనుదిరిగేవి. అక్కడి నుంచి ఈ ఊరి దాకా, మళ్ళీ వెనక్కి, వాళ్ళకు దిక్కు లేదు. అమెరికా వాయుసేన ఆ రోజును ‘నల్ల గురువారం’ అంటుంది. దూరప్రాంతాల మీద తోడు లేకుండా పోయే దాడులు ఆ తరువాత నెలల తరబడి ఆగిపోయాయి.

మరి యుద్ధయంత్రం ఆగిందా? ఆగలేదు. పైకప్పులు కూలాయి కాని వాటి కింద యంత్రాలు చాలావరకు నిలిచాయి. ఉత్పత్తి అక్టోబరు దాడి తరువాత మూడోవంతుకు పడిపోయిందని ఆయుధశాఖ మంత్రి ఆల్బర్ట్ స్పేర్ తరువాత రాశాడు. అయినా గోదాముల్లో నిల్వలున్నాయి, ఫ్యాక్టరీలను ముక్కలు చేసి వేరే ఊళ్ళకు చెదరగొట్టారు, గుండ్లు అక్కరలేని చోట మామూలు బుష్‌లతో సరిపెట్టారు. పైగా తటస్థ దేశమైన స్వీడన్ నుంచి బేరింగులు వస్తూనే ఉన్నాయి. ఇందులో ఒక వింత చూడండి: ఊళ్ళో ఉన్న పెద్ద ఫ్యాక్టరీల్లో కొన్నింటి యజమాని స్వీడన్ కంపెనీయే! ఆ కంపెనీ సరుకు ఇంగ్లండ్‌కూ వెళ్ళేది, జర్మనీకీ వెళ్ళేది. బ్రిటిష్ బాంబర్ల అధిపతి ఆర్థర్ హారిస్ ఇలాంటి ఆయువుపట్ల సిద్ధాంతాలను మొదటి నుంచీ సర్వరోగనివారిణులని ఎగతాళి చేసేవాడు. యుద్ధం ముగిశాక అమెరికన్లే వేసిన విచారణ సంఘం తేల్చినది కూడా ఇంచుమించు అదే: బేరింగు ఫ్యాక్టరీల మీద దాడుల వల్ల ముఖ్యమైన యుద్ధోత్పత్తి తగ్గినట్టు దాఖలా లేదు. ఆ ఊరి మీద మొత్తం ఇరవైకి పైగా దాడులు జరిగాయి. వెయ్యిమందికి పైగా జనం చనిపోయారు. 1945 ఏప్రిల్ 11న అమెరికన్ సైన్యం ఊళ్ళోకి వచ్చింది, 2014 దాకా ఉంది. నేనున్న రోజుల్లో సూపర్‌మార్కెట్ వరుసలో నా ముందు ఎప్పుడూ ఒకరిద్దరు అమెరికన్ సైనికులుండేవారు.

ఇంతవరకు నేను చెప్పినది పుస్తకాల్లో ఎవరైనా చదవగలరు. ఆ యుద్ధం మీద పుస్తకాలు రాసిన ఇంగ్లీషువారికి, అమెరికన్లకు ఈ ఊరంటే ఆ రెండు రోజులే. పైనుంచి చూసినవారి చరిత్ర అది. కింద ఉన్నవారిది వేరే ఉంది, అది నాకు మా ఇంటాయన ద్వారా కొద్దిగా తెలిసింది.

నేను అద్దెకున్న ఇంటి యజమాని 1934లో పుట్టినవాడు. పద్నాలుగో ఏట బేరింగు ఫ్యాక్టరీలో పనినేర్చుకునే కుర్రాడిగా చేరి, అక్కడే రిటైరైనవాడు. మితభాషి. ఆదివారాలు నన్ను కాఫీకి పిలిచేవాడు. బాంబుల సంగతి అడిగితే దాచకుండా చెప్పేవాడు: బంకర్‌లో చెమట వాసన, లైటు ఆరిపోతే పిల్లలందరూ ఒక్కసారిగా మౌనమైపోవడం. ఆ బంకర్లు ఊళ్ళో ఇంకా ఉన్నాయి, పగలగొట్టలేనంత మందం గోడలు. ఒకరోజు నేను, యుద్ధకాలంలో మగవాళ్ళందరూ సైన్యంలో ఉంటే ఫ్యాక్టరీలో యంత్రాలు నడిపినదెవరని అడిగాను. చరిత్ర తెలియక అడిగిన ప్రశ్నే. ఆయన “పరాయివాళ్ళు” అని, కాఫీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

నేను తరువాత వెతికి చదువుకున్నాను. సోవియట్ భూముల నుంచి, పోలండ్, ఫ్రాన్స్, ఇటలీల నుంచి పట్టి తెచ్చిన వేలమంది స్త్రీపురుషులు ఈ ఊరి ఫ్యాక్టరీల్లో వెట్టిచాకిరీ చేశారు. కర్రల బారక్కుల్లో ఉండేవారు. బాంబులు పడేటప్పుడు ఊరివారికి దొరికిన బంకర్లలో వారికి చోటు లేదు. ఆక్రమిత దేశాలన్నింటి నుంచి లక్షలాది మందిని ఇలా పట్టి తెచ్చే శాఖకు 1942లో అధిపతి అయినవాడు ఫ్రిట్స్ జౌకెల్. పుట్టినది సమీపంలోని హాస్‌ఫుర్ట్. చదువుకున్నది ఈ ఊళ్ళో. మొదటి యుద్ధం తరువాత పనిచేసింది ఈ ఊరి బేరింగు ఫ్యాక్టరీలో. వచ్చిన 50 లక్షల మందిలో ఇష్టపడి వచ్చినవారు రెండు లక్షలు కూడా లేరని ఒక సమావేశంలో తానే ఒప్పుకున్నాడు. 1946 అక్టోబరు 16న న్యూరెంబర్గ్‌లో ఉరితీశారు.

ఒబర్న్‌డోర్ఫ్‌లో ఆ వెట్టి కార్మికుల కోసం ఒక స్మారకస్థలం 2011లో వెలిసింది. యుద్ధం ముగిసిన 66 ఏళ్ళకు! హెర్మన్ డి వ్రీస్ అనే కళాకారుడు చేసినది. రాతి విగ్రహాలు కావు, లిండెన్ చెట్లు. 2012 వసంతంలో ఒక ఆదివారం కాఫీ తరువాత మా ఇంటాయన కోటు తొడుక్కుని, నడుద్దామన్నాడు. ఎక్కడికో చెప్పలేదు. ఆ చెట్ల దగ్గరికి తీసుకువెళ్ళాడు. అప్పటికింకా పలచటి చెట్లు. కాసేపు నిలబడి, ఉన్నట్టుండి చెప్పాడు: పొద్దున్న అయిదింటికి వాళ్ళను బారక్కుల నుంచి ఫ్యాక్టరీకి నడిపించేవారట. చెక్క అడుగుల జోళ్ళు. వీధి రాళ్ళ మీద వందల జోళ్ళ టకటక చప్పుడుకు తనకు మెలకువ వచ్చేదట. “మా అమ్మ గడియారం చూసేది కాదు, ఆ చప్పుడు వినే పొయ్యి వెలిగించేది” అన్నాడు. తిరిగి వచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

ఊరు తన గతాన్ని గుర్తు చేసుకునే తీరులో ఒక క్రమం ఉందని నాకనిపించింది. ముందు శత్రువులు కలుసుకున్నారు: ఆకాశం నుంచి బాంబులు వేసిన అమెరికన్ వృద్ధులు, కింద ఫిరంగుల దగ్గర పనిచేసిన జర్మన్ వృద్ధులు కలిసి 1998లో ఉమ్మడి స్మారకం పెట్టుకున్నారు. అది మెచ్చదగ్గదే. యోధుడు యోధుణ్ణి క్షమించడం సులువు. వెట్టి కార్మికురాలి ముందు నిలబడడానికి ఇంకో పదమూడేళ్ళు పట్టింది. ఎర్నెస్ట్ జాక్స్ కొడుకు విల్లీ జాక్స్ ఎస్.ఎస్. సభ్యుడు, 1936లో ఊరికి ఒక స్టేడియం కట్టి ఇచ్చాడు. ఆ స్టేడియానికి అతని పేరు ఉండాలా వద్దా అన్న వాదన ఏళ్ళ తరబడి నడిచి, 2021లో ‘విల్లీ’ మాత్రం తీసివేసి ‘జాక్స్’ ఉంచారు. ఇంటిపేరు తీసేయడానికి మనసొప్పలేదు. కూగెల్‌ఫిషర్ యజమాని రెండో గియోర్గ్ షేఫర్ పోగుచేసిన పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ చిత్రాలకు 2000లో చక్కటి మ్యూజియం కట్టారు. కార్ల్ ష్పిట్స్‌వేగ్ చిత్రాలు అన్ని ఒకేచోట ఇంకెక్కడా లేవు. ఆ గోడల మీది కొన్ని చిత్రాలు నాజీల కాలంలో యూదుల ఇళ్ళ నుంచి పోయినవి కావా అన్న ప్రశ్న ఇంకా తెమలలేదు.

ఇదంతా చదివి ఊరిని కఠినమైనదిగా ఊహించుకోకండి. ఆ జనానికి పని అంటే భక్తి, తిండి అంటే సంబరం. 1856 నుంచి వస్తున్న పంది విందు ఒకటుంది వారికి. బల్ల పొడవునా చెక్క పలకలు పరచి, ఉడికిన మాంసం వంతులవారీగా తెచ్చి, కంచాలు లేకుండా ఆ చెక్క మీదే పోస్తారు. చుట్టూ కూర్చుని, తురిమిన ముల్లంగి లాంటి ఒక ఘాటైన దుంపతో తింటారు. మన బంతిభోజనమే, ఆకు ఒక్కటే తక్కువ. శాకాహారినైన నేను పుల్లని క్యాబేజీ, రొట్టె ముందు పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నాను. ఒక్కరు కూడా నన్ను వింతగా చూడలేదు. ఫ్యాక్టరీలో ఇంజనీరు, స్వీపరు అదే బల్ల దగ్గర, అదే చెక్క మీద.

1990ల మొదట్లో కూగెల్‌ఫిషర్ మునిగిపోయేంత పనయింది, ఊళ్ళో వేల ఉద్యోగాలు పోయాయి. 2001లో హెర్ట్‌సోగెన్‌ఔరాహ్‌కు చెందిన షేఫ్లర్ కుటుంబం దానిని కొనివేసింది; అదే ఏడాది జాక్స్ ఇంకో పెద్ద కంపెనీలో కలిసింది. ఇప్పుడు మూడు స్తంభాల యజమానులూ పైఊళ్ళవారే. విద్యుత్ కార్లు వచ్చాయి. వాటిలో గేర్లు తక్కువ, క్లచ్చు లేదు, బేరింగులు తక్కువ. 2024 నవంబరులో షేఫ్లర్ యూరప్‌లో 4,700 ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది. అమెరికన్ సైనికుల పాత బారక్కుల్లో ఒకచోట ఇప్పుడు సాంకేతిక విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ ప్రాంగణం ఉంది. మన దేశపు పిల్లలు కూడా అక్కడ చదువుతున్నారు.

నదికి అవతల, గ్రాఫెన్‌రైన్‌ఫెల్డ్‌లో అణువిద్యుత్ కేంద్రపు శీతలీకరణ బురుజులు రెండుండేవి, 143 మీటర్ల ఎత్తు. ఊళ్ళో ఏ మేడ మీద నుంచి చూసినా అవే. కేంద్రాన్ని 2015లో ఆపివేశారు, 2024 ఆగస్టు 16న బురుజులను పేల్చి కూల్చారు. హైదరాబాదులో కూర్చుని ఆ దృశ్యం కంప్యూటర్‌లో చూశాను. మా ఇంటాయన మనవడు, అతనూ బేరింగు ఫ్యాక్టరీలోనే పని, మరునాడు ఫోను చేశాడు. తాతగారికి తొంభై ఏళ్ళట, చెవులు వినిపించవట. పేలుడు చూపించడానికి కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారట. బురుజులు ఒరిగి దుమ్ము లేచాక ఆయన చాలాసేపు చూసి, ఇప్పుడు సైరన్ ఆగిందా అని అడిగారట.

వెళ్ళదలచుకున్నవారు వుర్జ్‌బుర్గ్‌లో రైలు మారాలి. అక్కడి నుంచి అరగంట ప్రయాణం. స్టేషను దిగగానే ఊరి నడుమకు పోయే బస్సు ఎక్కకుండా, ముందు ఒబర్న్‌డోర్ఫ్ వైపు నడవండి. లిండెన్ చెట్లు ఈపాటికి నీడనిచ్చేంత ఎదిగి ఉంటాయి.